గడువు దాటినవాళ్ళు

బతూమిలో వాన మొదలైతే
ఎప్పుడాగిందో ఎవరూ చెప్పలేరు.
రేవు వెనక పాత షిప్పింగ్ ఆఫీసు, మూడో అంతస్తు,
ఒకప్పుడు తేయాకు రసీదులు దాచిన గది.
అక్కడుంది మా సర్వర్, ఒక్కటంటే ఒక్కటి,
ఎండాకాలం వస్తే కుక్కలా రొప్పుతుంది.

పదకొండేళ్ళు దాన్ని సాకింది త్సియాలా.
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు,
మౌస్ ముట్టని చేతులు.
నలభై ఒక్క డొమైన్లూ ఆమెకు నోటికి వచ్చు,
ఏది ఎప్పుడు జబ్బు పడిందో కూడా.

ఈ మధ్య కంట్లో శుక్లం.
సున్నాకీ ‘ఓ’కీ తేడా కనపడక
ఒక దంతవైద్యుడి ఉత్తరాలన్నీ
హేజల్‌నట్ వ్యాపారి పెట్టెలోకి మళ్ళించింది.
“ఊళ్ళో ఎవరి పన్ను పుచ్చిందో నాకెందుకమ్మా?”
అని గొడుగు దులుపుకుంటూ వచ్చాడాయన.

అందుకే కంట్రోల్ ప్యానెల్.
“బటన్లా?” అంది
పప్పులో రాయి తగిలినట్టు.

స్క్రిప్టు ముందే షరతు పెట్టింది:
ఖాళీ యంత్రమే కావాలి,
నాకన్నా ముందు ఎవరూ కాపురం చేసి ఉండకూడదని.
నలభై ఒక్క కాపురాలూ మూటగట్టి
పక్క డిస్కులోకి చేరుస్తుంటే
ఒక్కొక్క పేరూ పైకి చదివింది ఆమె:
కొండమీది అతిథి గృహం, పడవల మెకానిక్, బడి పిల్లల గాన బృందం,
ఓతార్ వాన లెక్క.

అదేమిటని తెరిచి చూశాను.
రోజుకో వరుస, మిల్లీమీటర్లలో, ఏళ్ళ తరబడి.
ఒక నవంబరు తొమ్మిదిన ఆగిపోయింది.
“ఈయన డబ్బు కడుతున్నాడా?”
“టీ మరుగుతోంది చూడు” అంది.

సాయంత్రం ఇన్‌స్టాల్ మొదలైంది.
యంత్రం పూర్తి పేరడిగింది, చెప్పాం.
అరవై మూడు శాతం దగ్గర
మొండి గాడిదలా నలభై నిమిషాలు నిలబడింది.
ఆపైన ఫైర్‌వాల్ లేచి
మేమొచ్చిన తలుపే మా మొహాన వేసింది.
టార్చి పట్టుకుని ర్యాక్ వెనక్కి దూరి
కీబోర్డు గుచ్చి, లోపలి నుంచి గొళ్ళెం తీశాను.

పదకొండింటికి ప్యానెల్ వెలిగింది.
రంగురంగుల గళ్ళు, పచ్చటి గీతలు.
ఎవరి పెళ్ళో తెలియని పందిట్లో కూర్చున్నట్టు
కళ్ళు చికిలించి చూసింది ఆమె.
మూటలు విప్పి అందరినీ ఎవరిళ్ళలో వాళ్ళను దించేసి
కుర్చీల్లోనే కునుకు తీశాం.

ఆరుంపావుకు ఆమె అలవాటుగా
ఒక చిరునామా కొట్టింది, ఒక్కొక్క అక్షరం తడుముకుంటూ.
‘ఈ ఖాతా నిలిపివేయబడినది.’

ఓతార్ ఒక్కడే కాదు, ఏడుగురు.
అర్ధరాత్రి, మేం నిద్రలో ఉండగా,
గడువు దాటినవాళ్ళ దీపాలు ఆర్పుకుంటూ పోయింది ప్యానెల్.
ఎవరూ చెప్పలేదు దానికి.
చెప్పక్కర్లేదు, ఆ టిక్కు పుట్టుకతోనే ఉంది.

త్సియాలా కోప్పడలేదు. నెమ్మదిగా అంది:
“ఒక సైటు మూయాలంటే నాకు నాలుగు కమాండ్లు.
మొదటిది కొట్టేదాన్ని, కోపంగానే.
రెండోదానికి ఆ మెకానిక్ షెడ్డు కప్పు గాలికి లేచిపోవడం గుర్తొచ్చేది.
మూడోదానికి టీ చల్లారేది.
నాలుగోది ఈ పదకొండేళ్ళలో ఎన్నడూ కొట్టలేదు.
నాకు మెట్లున్నాయి నాయనా, ఇది లిఫ్టు.”

బిల్లింగ్ కింద, మూడో ట్యాబులో,
చీమతలంత అక్షరాల పక్కన దొరికిందా టిక్కు.
తీసేశాను.
ఏడూ ఒకటొకటిగా తేరుకున్నాయి.

ఆమె తెరకు ముక్కు ఆనించి
ఓతార్ కట్టిన లెక్కల్లో ఇదే తేదీ వెతికింది.
పద్దెనిమిది పాయింట్ నాలుగు.
కిటికీ వైపు తిరిగి, కాసేపు విని,
“ఇవాళ అంతకన్నా ఎక్కువే” అంది.

తరవాత సంచీలోంచి ప్లాస్టరు తీసి
‘నిలిపివేయి’ అనే ఎర్ర బటన్ మీద, తెరకే అంటించింది.
పేజీ జరిపితే బటన్ జరుగుతుంది, ప్లాస్టరు జరగదు.
నేనేమీ అనలేదు.